కుక్క ముక్కు పగిలితే ముందు నీళ్లు, తరువాతే నూనె

మీ ఎనిమిదేళ్ల కుక్కకు ముక్కు ఎండి పగిలిందని, కొబ్బరినూనె రాసిన మరుక్షణమే నాకేస్తోందని, ఇది జ్వరమేమోనని అడిగారు. మా చుక్కకు పదకొండో ఏట ఇదే వచ్చింది. అది నాటు కుక్క, పిల్లగా ఉన్నప్పటి నుంచి మా దగ్గరే పెరిగింది. డిసెంబరులో ఒక ఉదయం గడప దగ్గర ఎండలో పడుకుని ఉండగా చూశాను. ముక్కు పైభాగమంతా చింతచెట్టు బెరడులా లేచి, మధ్యలో సన్నని ఎర్రటి చీలిక ఉంది. వేలు తగలగానే తల పక్కకు తిప్పుకుంది. ఇన్నాళ్లూ ఎలా గమనించలేదో అని ఆ రోజంతా మనసు బాగా లేదు.

ముక్కు ఎండితే జ్వరం అనే మాట నమ్మకండి. నిద్రలో కుక్క ముక్కు నాక్కోదు కాబట్టి లేవగానే అది పొడిగానే ఉంటుంది. జ్వరం సంగతి థర్మామీటరే చెప్పాలి. కుక్కల ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది.

వయసు పైబడిన కుక్కల ముక్కు మీద కెరాటిన్ (గోళ్లలో ఉండే గట్టి పదార్థం) పొర అతిగా పేరుకుని, ఎండి పగులుతుందని మా పశువైద్యుడు చెప్పారు. పగ్ లాంటి చదును ముఖం కుక్కలకు నాలుక ముక్కుదాకా సరిగా అందక ఇది వస్తుంది. లాబ్రడార్లలో సాధారణంగా ఏడాది లోపే మొదలయ్యే వంశపారంపర్య రకం కూడా ఉంది.

నేను మొదట చేసిన పొరపాటు మీరు చేస్తున్నదే. ఎండిన బెరడు మీద నూనె రాస్తే లోపలికి దిగదు, పైనే ఉండి నాలుకకు దొరుకుతుంది. ముందు దాన్ని నానబెట్టాలి. పాత పంచె ముక్కను గోరువెచ్చని నీటిలో ముంచి, పిండి, ముక్కు పైభాగం మీద ఐదు నిమిషాలు ఆనించి ఉంచేదాన్ని. ముక్కు రంధ్రాలు మూయకూడదు. రెండో రోజుకే చుక్క గడ్డం నా మోకాలి మీద ఆన్చి కళ్లు మూసుకునేది. తరువాత తడిని అద్ది తీసేసి, బియ్యపు గింజంత కొబ్బరినూనె చిటికెన వేలితో రాసి, వెంటనే బయట తిప్పడానికి తీసుకెళ్లేదాన్ని. వీధి వాసనల ధ్యాసలో పావుగంట ముక్కు నాకడం మరిచిపోతుంది, ఆ పావుగంటే మనకు కావలసింది. రోజుకు రెండుసార్లు చేస్తే పన్నెండో రోజుకు చీలిక మూసుకుంది. పెచ్చులు వాటంతట అవే రాలాయి. గోటితో మాత్రం గిల్లకండి, రక్తం వస్తుంది. వయసు వల్ల వచ్చేది పూర్తిగా పోదు కనుక ఇప్పటికీ వారానికి రెండుసార్లు రాస్తూనే ఉన్నాను.

సువాసన లేని వ్యాజ్‌లీన్ కూడా పలచగా రాయవచ్చు, రంధ్రాల్లోకి పోనివ్వకండి. కానీ మనుషుల క్రీములు దయచేసి వద్దు. పిల్లల డైపర్ క్రీముల్లో ఉండే జింక్ ఆక్సైడ్, నొప్పి బాముల్లోని కర్పూరం, టీ ట్రీ నూనె కడుపులోకి పోతే కుక్కకు హాని చేస్తాయి. రాసింది ఏదైనా అది నాకుతుందనే లెక్కలోనే ఉండండి. పసుపు చల్లమని మా ఇంట్లో పెద్దలు చెప్పారు. ఆ రంగు కింద పుండు ఎర్రబడుతోందో లేదో కనపడదని నేను ఒప్పుకోలేదు.

ఇక మీ కుక్క ముక్కును పగటి వెలుతురులో దగ్గరగా చూడండి. ఆరోగ్యంగా ఉన్న ముక్కు మీద చిన్న చిన్న గడులు ఉంటాయి. అవి చెరిగి నున్నబడినా, నలుపు తగ్గి బూడిద లేదా గులాబీ రంగు వచ్చినా, పుండ్లు పడినా నూనెతో కాలయాపన చేయవద్దు, అది రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన జబ్బు కావచ్చు. ముక్కుతో పాటు అరికాళ్లూ గట్టిపడి, జ్వరం, కంటి పుసి ఉంటే, ముఖ్యంగా టీకాలు వేయించని కుక్కయితే, డిస్టెంపర్ అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోతే ఈ సాయంత్రమే తడిగుడ్డతో మొదలుపెట్టండి. రెండు వారాల్లో మార్పు కనిపించకపోతే పశువైద్యుడికి చూపించండి.