కువైట్ నుంచి వచ్చి ముప్పై ఐదేళ్లయింది, మామకు ఇప్పుడెందుకు ఈ భయం?

ప్రశ్న: మాది కడప దగ్గర పల్లె. మా మామకు అరవై ఏడేళ్లు. కువైట్‌లో డ్రైవరుగా ఉండి, 1990 యుద్ధంలో కట్టుబట్టలతో ఇల్లు చేరినాడు. ఇప్పుడు మా ఆయన అక్కడే పని చేస్తున్నాడు. టీవీలో బాంబుల వార్తలు చూసినప్పటి నుంచి మామకు నిద్ర లేదు, రాత్రిళ్లు కేకలు పెడతాడు. మంచం కింద నీళ్ల క్యాన్లు, గదిలో మూడు బస్తాల బియ్యం దాచుకున్నాడు. గడువు తీరిన పాసుపోర్టు కవర్లో చుట్టి బనియన్ జేబులోనే పెట్టుకుంటాడు. మెడికల్ షాపువాళ్లిచ్చిన నిద్రమాత్ర ఏడాదిగా వేస్తున్నాం. ఇది చాదస్తమా?

జవాబు: చాదస్తం కాదమ్మా. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మనవాళ్లు బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, ఎడారి గుడారాల్లో గుక్కెడు నీళ్లకు అల్లాడారు. అమ్మాన్ నుంచి లక్ష మందికి పైగా విమానాల్లో బొంబాయి చేరారు. ఆ దారిలో మనిషిని కాపాడినవి నీళ్లూ, తిండీ, చేతిలో పాసుపోర్టూ. మామ దాచుకున్నవి ఏవో మళ్లీ చూడండి.

పనిలో ఉన్నన్నాళ్లు అణిగి ఉన్నది, ఖాళీగా కూర్చునే వయసులో పైకి రావడం మామూలే. పైగా కొడుకు అదే గడ్డ మీద ఉన్నాడు. జరిగింది మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టుండడం, దాన్ని గుర్తుచేసేవాటిని తప్పించుకోవడం, చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడడం, ఈ మూడూ వారాల తరబడి ఉంటే డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే జబ్బు. ఎన్నేళ్ల పాతదైనా దీనికి వైద్యం ఉంది.

ముందు ఆ మాత్ర సంగతి. అది ఆల్ప్రజోలం, క్లోనజెపాం రకమైతే ఈ జబ్బును తగ్గించదు. అలవాటవుతుంది, మతిమరుపు తెస్తుంది, పెద్దవయసులో తూలి పడేస్తుంది. అలాగని రేపే ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల మీద తగ్గించుకుంటూ రావాలి.

మాత్ర స్ట్రిప్పు చేతబట్టుకుని కడప రిమ్స్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో మానసిక వైద్య విభాగానికి తీసుకుపోండి. మామతో ‘నిద్ర కోసం చూపించుకుందాం’ అనండి, అది అబద్ధం కాదు కదా. ఈ జబ్బుకిచ్చే సెర్ట్రలిన్ లాంటి మందు రాస్తే గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే ‘పని చేయలేదు’ అని మానేయడం వల్లే చాలామందికి నయం కాదు. ఈ వయసులో ఆ మందుతో రక్తంలో సోడియం పడిపోవచ్చు. కొత్తగా తికమకపడుతుంటే వెంటనే పరీక్ష చేయించండి. మందుతో పాటు, ఆ జ్ఞాపకాల మీదే పని చేసే కౌన్సెలింగ్ వారానికోసారి, 8 నుంచి 15 సార్లు ఉంటుంది. జ్ఞాపకశక్తి, చెవుల వినికిడి కూడా చూపించండి. పెద్ద దర్గాకు పోతామంటే నిరభ్యంతరంగా పోండి, మందు మాత్రం మానొద్దు.

రాత్రి కేక పెట్టినప్పుడు పట్టుకుని కుదపొద్దు. నిద్రమత్తులో మిమ్మల్నే శత్రువనుకుని చెయ్యి విసురుతాడు. లైటు వేసి, మంచానికి రెండడుగుల దూరంలో నిలబడి, ‘మామా, నేను నీ కోడల్ని. మనం ఇంట్లో ఉన్నాం’ అని నెమ్మదిగా అనండి. కళ్లు తెరిచాక పాదాలు చల్లటి బండల మీద ఆనించమనండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలమనండి, ఐదు నిమిషాలు. ‘ఏం కలొచ్చింది’ అని తవ్వొద్దు. తానే చెబితే వినండి.

పాసుపోర్టు లాక్కోవద్దు. బస్తాలు ఒక్కసారిగా తీసేయొద్దు. ఆయన్నే అడిగి, ఆయన చేతనే కొలిపించి, పాత బియ్యం ముందు వండుతూ రండి. దీపావళి రాత్రి ఎవరు ఎప్పుడు పటాకులు కాలుస్తారో ముందే చెప్పండి. వార్తలు రోజుకు రెండుసార్లు, పావుగంట చాలు, అదీ పడుకునే ముందు వద్దు.

‘నేను పోతేనే నయం’ లాంటి మాట వస్తే చేనుకు కొట్టే మందు డబ్బాలు ఆ రోజే ఇల్లు దాటించండి, ఆయన్ని ఒంటరిగా వదలొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మీ ఆయన ఫోనుకు ఒకే వేళ పెట్టుకోండి. ఇక్కడ రాత్రి 9 అంటే కువైట్‌లో 6:30. డ్యూటీ వల్ల కుదరని రోజు గొంతు రికార్డు చేసి పంపమనండి, అది మామే తన చేత్తో నొక్కి వినేలా నేర్పండి.