అందరూ నా దగ్గరికే సలహాకి వస్తారు, కోచ్ అవ్వొచ్చా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పుడు పన్నెండు మంది టీమ్‌ని చూస్తున్నాను. ఆఫీసులో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా నా దగ్గరికే వస్తారు, నాతో మాట్లాడితే టెన్షన్ తగ్గిందంటారు. అందుకే ప్రొఫెషనల్ కోచ్‌గా శిక్షణ తీసుకుని సర్టిఫికేషన్ చేద్దామనుకుంటున్నాను. ఒక సంస్థవాళ్లు ఆరు నెలల్లో సర్టిఫైడ్ కోచ్ అయిపోవచ్చంటున్నారు, ఈ నెలాఖరులోగా చేరితే ఫీజు తగ్గిస్తామంటున్నారు. ఉద్యోగం మానేసి చేరాలా? మావారు తొందరపడొద్దంటున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు నచ్చిన మాటా, భయం వేసిన మాటా ఒకటే: అందరూ నా దగ్గరికే సలహాకి వస్తారు అన్నది. నచ్చింది ఎందుకంటే, మనుషులు నమ్మి మనసు విప్పడం ఏ కోర్సులోనూ నేర్పేది కాదు. అది మీకు ముందే ఉంది. భయం ఎందుకంటే, కోచ్ సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలు అడిగి ఎదుటివాళ్లే తమ దారి వెతుక్కునేలా చేయాలి. పద్నాలుగేళ్లుగా మీరు బాగా చేస్తున్న పనినే శిక్షణలో మొదటి రోజునుంచీ మాన్పిస్తారు.

ఒక ఉదాహరణ చెబుతాను. మీ దగ్గరికి ఒకబ్బాయి వచ్చి, "ఈసారి కూడా ప్రమోషన్ రాలేదు, వేరే కంపెనీకి వెళ్లిపోనా?" అన్నాడనుకోండి. మీరేం చేస్తారు? మార్కెట్ ఎలా ఉందో చెబుతారు, మీకు అలా జరిగినప్పుడు ఏం చేశారో చెబుతారు, ఇంకో ఆరు నెలలు ఆగమంటారు. మంచి సలహానే. దాన్ని మెంటారింగ్ అంటారు. కోచ్ అయితే, "ప్రమోషన్ వస్తే నీకు ఏం మారుతుందనుకున్నావు?" అని అడిగి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే కష్టం. అవతలివాడు అరనిమిషం మాట్లాడకుండా కూర్చుంటే మన నోరు దురద పెడుతుంది. (ఇప్పుడు నేను మీకు చేస్తున్నది కూడా కోచింగ్ కాదు లెండి, అచ్చమైన సలహా. నా పనే అది.)

నేనూ ఒకప్పుడు ఇలాంటి శిక్షణకి వెళ్లాను. మొదటి ప్రాక్టీస్ సెషన్ ఇరవై నిమిషాలు. ఎదుటి మనిషి చెప్పేది బ్రహ్మాండంగా విన్నానని సంబరపడ్డాను. రికార్డింగ్ వేసి చూస్తే అందులో పన్నెండు నిమిషాలు నా గొంతే! పాపం ఆవిడ మధ్యమధ్యలో "అవునండీ" అంటోంది, అంతే. ఆ రికార్డింగ్ విన్నాకే ఈ పని ఏమిటో నాకు కాస్త అర్థమైంది.

ఇక సర్టిఫికేషన్ సంగతి. డాక్టరుకో లాయరుకో ఉన్నట్టు కోచ్‌కి ప్రభుత్వ లైసెన్సు అంటూ దాదాపు ఎక్కడా లేదు. ఎవరైనా రేపు పొద్దున బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే వృత్తి సంఘాలు ఇచ్చే గుర్తింపుకి విలువ వచ్చింది. వాటిలో ఎక్కువగా వినపడేది 1995లో మొదలైన ఐసీఎఫ్, అంటే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్. యూరప్‌లో పుట్టిన ఈఎంసీసీ (యూరోపియన్ మెంటారింగ్ అండ్ కోచింగ్ కౌన్సిల్) కూడా ఉంది. దానివి ఫౌండేషన్ నుంచి మాస్టర్ ప్రాక్టీషనర్ దాకా నాలుగు మెట్లు. మీకు చెప్పినవాళ్లు బహుశా ఐసీఎఫ్ పేరే వాడి ఉంటారు కాబట్టి దాని గురించే రాస్తాను.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కోర్సు అయ్యాక శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ వేరు, ఐసీఎఫ్ ఇచ్చే క్రెడెన్షియల్, అంటే వృత్తి గుర్తింపు, వేరు. మొదటిది కోర్సు పూర్తి చేశారని చెబుతుంది. రెండోదానికి మీరు విడిగా దరఖాస్తు పెట్టాలి, పరీక్ష రాయాలి. అందులో తొలి మెట్టు ఏసీసీ, అంటే అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్. దానికి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం, 10 గంటల మెంటార్ కోచింగ్ (అనుభవమున్న కోచ్ మీ కోచింగ్‌ని గమనించి దిద్దడం) కావాలి. ఆ మెంటార్ కోచింగ్ కూడా వారంలో ముగించేస్తామంటే కుదరదు, కనీసం మూడు నెలల్లో పరుచుకుని ఉండాలి. ఆపై మెట్టు పీసీసీకి (ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్) 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. చివరిది ఎంసీసీ (మాస్టర్ సర్టిఫైడ్ కోచ్), దానికైతే 2,500 గంటల అనుభవం అడుగుతారు. దాని గురించి ఇప్పుడు ఆలోచించకండి.

ఆ 60 గంటల శిక్షణ మీకు పెద్ద లెక్క కాదు. లెక్క ఆ 100 గంటల దగ్గర ఉంది. అందులో 75 గంటలు డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి, కనీసం ఎనిమిది మంది క్లయింట్లు ఉండాలి. పైగా కోచ్ శిక్షణ మొదలైన రోజు నుంచి చేసినవే లెక్కలోకొస్తాయి. పద్నాలుగేళ్లుగా టీ బ్రేకుల్లో మీరు ఓదార్చిన మనుషుల్లో ఒక్కరి గంట కూడా అందులో చేరదు. వారానికి రెండు సెషన్లు దొరికాయనుకోండి, వంద గంటలకి ఏడాది పడుతుంది. ఆరు నెలల్లో అయిపోవాలంటే వారానికి నాలుగు గంటలు. పెద్ద కష్టమేం కాదు, మనుషులు దొరికితే! ఆ సంస్థవాళ్లు చెప్పిన ఆరు నెలలు కోర్సుకే అయ్యుంటాయి, మిగతాది మీ నెత్తిన వేసి ఉంటారు. అడిగి తెలుసుకోండి.

డబ్బు తీసుకోవడం అంటే మొదటిరోజే పెద్ద ఫీజు అని కాదు. మొత్తం ఎంత చిన్నదైనా సరే, బదులుగా వస్తువో సేవో తీసుకున్నా సరే, ఐసీఎఫ్ దాన్ని పెయిడ్‌గానే చూస్తుంది. అయినా, స్నేహితురాలి దగ్గర చెయ్యి చాచడం మనకి ఎంత ఇబ్బందో తెలుసు కదా. చాలామంది ఆగిపోయేది ఈ చోటే. కోర్సు బాగా చేస్తారు, ఫ్రీగా ముప్పై గంటలు చేస్తారు, ఫీజు మాట వచ్చేసరికి నాలుక మడతపడుతుంది.

అందుకే ఉద్యోగం మానకండి. జీతం అవసరం ఎలాగూ ఉంటుంది, అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. జీతం లేని కోచ్‌కి క్లయింట్ అవసరం ఎక్కువైపోతుంది. ఇక చాలు, నీ దారి నీకు దొరికింది అని చెప్పి పంపాల్సిన మనిషిని ఇంకో నాలుగు సెషన్లు కూర్చోబెట్టాలనిపిస్తుంది. మీరు అలాంటివారని కాదు, ఇంటి ఖర్చులు మనిషిని అలా చేస్తాయి. 2023లో ఐసీఎఫ్ వెలువరించిన అధ్యయనం ప్రపంచంలో కోచ్‌లు 1,09,200 మంది ఉంటారని అంచనా వేసింది. 2019లో అది దాదాపు 71,000. అంటే పని పెరుగుతోంది, చేసేవాళ్లూ పెరుగుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది కోచింగ్ ఒక్కదానితోనే బతకరు, ట్రైనింగో కన్సల్టింగో కూడా చేస్తారు. ఈ సంగతి ఫీజు కట్టేముందు ఎవరూ చెప్పరు.

మీ కంపెనీలోనే మొదలుపెట్టే వీలుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. తమ ఉద్యోగుల్లోనే కొందరిని ఇంటర్నల్ కోచ్‌లుగా పెట్టుకునే సంస్థలు ఉన్నాయి. కానీ మీ పన్నెండు మందికి మాత్రం మీరు కోచ్ కాకండి. ఏడాది చివర వాళ్ల అప్రైజల్ రాసేది మీరే. అలాంటప్పుడు "ఈ ఉద్యోగం నాకు పడట్లేదు" అని ఏ పిల్లాడైనా మీ ముందు ఎలా అంటాడు? వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లయితే బాగుంటుంది.

నెలాఖరు రాయితీ గురించి ఎక్కువ రాయను. వచ్చే నెలాఖరుకీ ఉంటుంది. ఈలోగా ఆ సంస్థని అడగాల్సినవి ఉన్నాయి. ఐసీఎఫ్ గుర్తింపు ఉందంటే ఏ గుర్తింపు? లెవెల్ 1 అయితే ఏసీసీకి, లెవెల్ 2 అయితే పీసీసీకి దారి. సీసీఈ (కంటిన్యూయింగ్ కోచ్ ఎడ్యుకేషన్) అని మాత్రమే ఉంటే అది ప్రధానంగా ఇప్పటికే కోచ్‌లైనవాళ్లు క్రెడెన్షియల్‌ని నిలుపుకోవడానికి చేసే చదువు. (మూడేళ్లకోసారి 40 గంటలు అలా చదవాలి, అదీ గుర్తుంచుకోండి.) పది గంటల మెంటార్ కోచింగ్ ఫీజులోనే కలిసి ఉందా, విడిగా కట్టాలా? క్లాసులో మీరు కోచింగ్ చేస్తుంటే చూసి తప్పులు చెప్పేవాళ్లు ఉంటారా, లేక వీడియోలు ఇచ్చి వదిలేస్తారా? పాత బ్యాచ్ వాళ్లలో ఇద్దరి నంబర్లు అడగండి. వాళ్లని కోర్సు ఎలా ఉందని కాదు, ఇప్పటికి ఎన్ని పెయిడ్ గంటలు చేశారని అడగండి.

ఒక మాట మరిచిపోయాను. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో నిద్ర పట్టనివాళ్లు, బతకాలని లేదనేవాళ్లు కూడా ఉండొచ్చు. అది కోచ్ పని కాదు, సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో పంపాలి. ఎక్కడ ఆగాలో నేర్పని కోర్సు ఎంత చవకైనా వద్దు.

మీవారు చెప్పింది నిజమే, అయితే ఊరికే ఆగడం దేనికి? ఈ నెలలో మీ టీమ్ కానివాళ్లని ఐదుగురిని ఎంచుకోండి. ఒక్కొక్కరితో అరగంట, వాళ్ల అనుమతితో రికార్డ్ చేస్తూ మాట్లాడండి. షరతు ఒకటే, సలహా ఇవ్వకూడదు, మీ అనుభవం చెప్పకూడదు, అడగాలి, వినాలి. తర్వాత రికార్డింగులు వినండి. విసుగు పుడితే మీకు నచ్చేది మెంటారింగ్. అదీ మంచి పనే, దానికి ఈ ఫీజు అక్కర్లేదు. అలా కాక ఆరో మనిషి కోసం వెతకాలనిపిస్తే, లెవెల్ 1 కోర్సులో చేరండి, ఉద్యోగం చేస్తూనే. ఏది జరిగినా నాకు రాయండి. మొదటి రికార్డింగులో మీరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో, ఐదోదానిలో ఎన్నో కూడా రాయండి.