ల్యాండింగ్ షిప్‌లో ఖాళీ చోటు ఎక్కువ వదలండి

"మన నేవీకి తక్కువ ఖర్చులో, అన్ని పనులకూ పనికొచ్చే ల్యాండింగ్ షిప్పులు ఎట్లా డిజైన్ చేయాలి?" అని అడిగిన తమ్ముడు తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నానని రాసినాడు. నేను పుత్తూరు పక్క పల్లెలో పుట్టి, నేవీలో చేరి, ల్యాండింగ్ షిప్పుల ఇంజిన్ రూముల్లో పనిచేసి రిటైరైనాను. ఇప్పుడు తిరుపతిలోనే ఉంటాను. అందుకే ఈ ప్రశ్నను చూసీ చూడనట్టు వదిలేయలేకపోయినా.

ల్యాండింగ్ షిప్ అంటే జవాన్లను, బండ్లను, సామాన్లను ఒడ్డుకు దించే ఓడ. నా లెక్కలో దానికి ముందు కావలసినవి నాలుగే: ఖాళీ డెక్, బండ్లు దిగే గట్టి ర్యాంప్, మంచినీళ్లు తయారుచేసే ప్లాంట్, స్పేర్లు యాడైనా దొరికే డీజిల్ ఇంజిన్. మిసైళ్లు, పెద్ద రాడార్లు వెంట వచ్చే యుద్ధనౌకలకు ఉంటాయి. వాటిని దీంట్లో కుక్కితే ధర పెరుగుతుంది, చోటు తగ్గుతుంది.

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత సామాన్లతో నికోబార్ దీవులకు పోయినాం. జెట్టీలు విరిగిపోయి ఉన్నాయి. నేల కూడా కుంగిపోయింది. ఇందిరా పాయింట్ దగ్గరైతే నాలుగు మీటర్ల పైనే కుంగింది. చార్టులో రాసిన లోతు ఒకటి, కింద ఉన్న లోతు ఇంకొకటి. వెనక లంగరు ముందే జారవిడిచి, ముక్కు తేలేలా బ్యాలస్ట్ (ఓడ బరువు సరిచూసేదానికి ట్యాంకుల్లో నింపే నీళ్లు) సర్ది, మెల్లగా ఒడ్డుకు నడిపినాం. ఇంకా ఒడ్డు చేరకముందే ఓడ ముక్కు ఒక ఇసుక మేట మీద ఆగిపోయింది. ముక్కు దగ్గరుండే బౌ డోర్లు తెరిచి ర్యాంప్ దించితే, దాని కొసకూ ఒడ్డుకూ మధ్య ఛాతీ లోతు నీళ్లు. లారీలు డెక్ మీదనే నిలబడిపోయినాయి.

కింద ఇంజిన్ రూములో అవసరమైనంత మందిని ఉంచి మిగతా అందరినీ మోతకు పిలిచినారు. నేను బియ్యం మూట భుజానికెత్తుకున్నా. నా ముందు దిగిన శ్రీకాకుళం అబ్బాయి వెనక్కి తిరిగి "ఒరే చిత్తూరోడా, బియ్యం తర్వాతరా, ముందు నీళ్లు కావాలంటన్నారు" అని అరిచినాడు. ఒడ్డున ఒక పెద్దాయన చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపిస్తా ఉన్నాడు. బావుల్లోకి సముద్రం నీళ్లు ఎక్కేసినాయి. వరసగా నిలబడి క్యాన్లు చేతులు మార్చుకుంటూ అందించినాం. అట్లా ఎంతసేపని అందిస్తాం? డెక్ మీద ఒక డోజర్ ఉండింది. దాని డ్రైవరు జవాను, ర్యాంప్ కొసదాకా వచ్చి నీళ్లలోకి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా దింపేసినాడు. నీళ్లు ఇంజిన్ పైదాకా వస్తాయేమోనని అందరం ఊపిరి బిగబట్టినాం. రాలేదు. ఒడ్డెక్కి ఇసుక తోసుకొచ్చి ర్యాంప్ కొసదాకా కట్ట పోసినాడు. పోటు తగ్గిపోతే ఓడ అక్కడే ఇరుక్కుంటుంది కాబట్టి, ఉన్న కాస్త టైములోనే లారీలన్నీ దించి, వెనక లంగరు తాడు వించ్‌తో లాక్కుంటూ బయటపడినాం.

ర్యాంప్ ఇంకొంచెం పొడుగ్గా ఉండుంటే, ముక్కు దగ్గర ఓడ ఇంకొంచెం తక్కువ మునిగుంటే ఆ కష్టం ఉండేది కాదు. ఇట్లాంటివి డ్రాయింగ్ దశలో సరిచేస్తే అయ్యే ఖర్చు తక్కువ. ఇంకొకటి, అడుగు చదునుగా ఉండే ఓడ అలల్లో విపరీతంగా దొర్లుతుంది. వాంతులతో వాడిపోయిన జవాన్లు ఒడ్డు దిగిన వెంటనే ఎట్లా పోరాడతారు? పడక, గాలి, మరుగుదొడ్డి సంగతి చివర్లో చూద్దాంలే అనుకునే డిజైనర్లంటే నాకు కోపం.

ఒకే ఓడ అన్ని పనులకూ ఎట్లా పనికొస్తుందని కొందరు వాదిస్తారు. మన చిత్తూరులో ఎండాకాలం తోతాపురి కాయలు పల్ప్ ఫ్యాక్టరీకి తోలిన లారీనే, సీజన్ అయిపోతే ఇటుకలు తోలుతుంది. ఓడా అంతే, డెక్ ఖాళీగా ఉంటే పని మారుతుంది. ఐఎన్‌ఎస్ ఐరావత్‌ను కట్టింది యుద్ధ ట్యాంకుల కోసం. 2021 మేలో అదే ఓడ సింగపూర్ నుంచి 8 క్రయోజెనిక్ ఆక్సిజన్ ట్యాంకులు విశాఖకు తెచ్చింది. తిరుపతిలో ఆక్సిజన్ కోసం మనుషులు అల్లాడిపోయిన రోజులవి. దాని తోడు ఓడ కేసరి 2020లో మాల్దీవుల నుంచి సీషెల్స్ దాకా తిండిగింజలు, మందులు మోసింది. రెండూ కోల్‌కతా గార్డెన్‌రీచ్‌లో కట్టినవే. కంటైనర్లు బిగించే కొక్కేలు డెక్ నిండా పెట్టండి. ఈ నెల ఆసుపత్రి కంటైనర్లు, వచ్చే నెల డ్రోన్ల కంటైనర్లు ఎక్కించుకోవచ్చు.

ఖర్చు సంగతికొస్తే, ఫిలిప్పీన్స్ వాళ్లు ఇండోనేసియాలోని సురబయ యార్డులో 123 మీటర్ల ల్యాండింగ్ ఓడలు రెండు కట్టించుకున్నారు. 2016లో ఒకటి, 2017లో ఒకటి చేరినాయి. రెండింటికీ కలిపి ఒప్పందం సుమారు 9.2 కోట్ల డాలర్లు. ఆ డిజైన్ కొరియా నుంచి వచ్చింది. నెదర్లాండ్స్ వాళ్ల ల్యాండింగ్ ఓడ రాటర్‌డామ్ కూడా చాలావరకు వాణిజ్య ఓడల ప్రమాణాలతో కట్టిందే. మనమో, 2013లో నాలుగు పెద్ద ల్యాండింగ్ ఓడలకు టెండరు పిలిచి, ఏళ్లు నానబెట్టి, 2020లో వెనక్కి తీసుకున్నాం. టీవీ చర్చల్లో అందరికీ విమానవాహక నౌకలే కావాలి, ల్యాండింగ్ షిప్ గురించి అడిగేవాడే లేడు.

చవక అని ఏదిపడితే అది తీసుకోకూడదు. అమెరికా వాడిన ట్రెంటన్ అనే ల్యాండింగ్ ఓడను 2007లో కొని జలాశ్వ అని పేరు పెట్టుకున్నాం, చాలా పనికొచ్చింది. కానీ 2008 ఫిబ్రవరిలో దాంట్లో హైడ్రోజన్ సల్ఫైడ్ లీకై ఒక ఆఫీసరు, ఐదుగురు సెయిలర్లు పోయినారు. న్యూజిలాండ్ వాళ్లు ఫెర్రీ డిజైన్ మీద కాంటర్‌బరీ కట్టించుకున్నారు. చిన్న పడవలు ఉంచే అరలు నీటిమట్టానికి మరీ దగ్గరైపోయి, తర్వాత మార్చాల్సి వచ్చింది. ఉక్కులో, ఇంజిన్లలో వాణిజ్య ప్రమాణం సరే. గాలి ఆడే గొట్టాలు, మంటలార్పే ఏర్పాటు, అడుగున గదుల విభజన మాత్రం యుద్ధనౌక ప్రమాణంలోనే ఉండాలి. అక్కడ రూపాయి తగ్గించినా నేను ఒప్పుకోను.

నన్ను అడిగితే వెల్ డెక్ ఉన్న పెద్ద ఓడలు ఒకటి రెండు చాలు. వెల్ డెక్ అంటే చిన్న పడవలు తేలుతూ లోపలికీ బయటికీ పోయేలా ఓడ వెనక ఉండే పెద్ద అర. దానికి ఓడ వెనక భాగాన్నే నీళ్లలోకి దించాలి, ఆ పంపులు, బ్యాలస్ట్ ట్యాంకులు, తుప్పు ఎంత పని పెడతాయో దాంట్లో చేసినవాడికే తెలుసు. అండమాన్‌లో ఇప్పుడున్న ఎనిమిది ఎల్‌సీయూలు (ఒడ్డుకు సామాన్లు, జవాన్లను దించే చిన్న ఓడలు) 63 మీటర్లవే, దూరం పోవాలంటే కష్టం. వాటికీ ఆ పెద్ద ఓడలకూ మధ్య, ముక్కు ర్యాంప్, వెనక హెలికాప్టర్ దిగే చోటు ఉండే 100 మీటర్ల ఓడలు ఒకే డిజైన్‌తో డజను కట్టాలి. ఒకటి రిపేరుకు పోయినా పని ఆగదు.

అవి యాడ కట్టాలంటే, మన జిల్లాలోనే చోటుంది. 2022లో జిల్లాలు మారినాక వాకాడు తీరం తిరుపతి జిల్లాలోకొచ్చింది. ఆ తీరంలోని దుగ్గరాజపట్నంలో పెద్ద పోర్టు కడతాం, మొదటి దశ 2018 చివరికి పూర్తి చేస్తాం అని 2014 విభజన చట్టంలోనే రాసినారు. ఆ గడువు దాటిపోయింది, పోర్టు రాలేదు. 100 మీటర్ల ఓడకు మహా పోర్టు అక్కర్లేదు, ఓడను నీళ్లలోకి జార్చే ఒక స్లిప్‌వే, క్రేన్లు, వెల్డింగ్ షెడ్డు ఉంటే మొదలుపెట్టొచ్చు. వెల్డర్లు కావాలంటే మన పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలు మద్రాసు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేస్తా ఉన్నారు. వాళ్లను పిలిస్తే వస్తారు.