తమ్ముడూ, ఫోను పెట్టెయ్యడం అలవాటు చేసుకో

తమ్ముడికి,

నీ పదవీ విరమణ డబ్బు ఖాతాలో పడిందని మరదలు చెప్పింది. చాలా సంతోషం. అందుకే ఈ ఉత్తరం వెంటనే రాస్తున్నాను. బ్యాంకులో ఉండగా మోసపోయి వచ్చి నా బల్ల ముందు ఏడ్చినవాళ్లలో లెక్చరర్లు ఉన్నారు, ఇంజినీర్లు ఉన్నారు. తెలివితక్కువవాళ్లెవరూ లేరు. చాలామంది నీలాగే మర్యాదస్తులు. అవతలివాడు మాట్లాడుతుండగా ఫోను పెట్టెయ్యడానికి మొహమాటపడేవాళ్లు. నీ విషయంలో నా భయమంతా ఆ మొహమాటం గురించే.

ఆ మోసగాళ్ల పద్ధతి చూడు. నీ ఆధార్‌తో పంపిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయంటాడు ఒకడు. ముంబై పోలీసులకు కలుపుతున్నానంటాడు. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా, వెనక గోడమీద పోలీసు చిహ్నం. గది తలుపు వేసుకోమంటాడు, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దంటాడు, కాల్ ఆపితే అరెస్టు తప్పదంటాడు. గంటల తరబడి బెదిరించాక, తనిఖీ కోసం డబ్బంతా ఫలానా ఖాతాకు పంపితే తరువాత తిరిగి ఇస్తామంటాడు. దీన్నే ‘డిజిటల్ అరెస్టు’ అంటారు. అలాంటిది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో ఈ మాటే చెప్పారు. ‘ఇంట్లో చెప్పవద్దు’ అనగానే, వాడి మాట పూర్తికాకముందే ఫోను పెట్టేసి మరదలిని పిలువు. నిజంగా పోలీసులకు పని ఉంటే తార్నాకలో నీ ఇల్లు వెతుక్కుంటూ వస్తారు.

ఇక వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది యాప్. దాన్ని ఎక్కించుకుని అడిగిన అనుమతులన్నీ ఇచ్చావంటే నీ మెసేజ్‌లు వాళ్లే చదువుకుంటారు. నువ్వు ఓటీపీ చెప్పవలసిన అవసరం కూడా ఉండదు. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా తెరవకు, వాళ్ల ఫోను అప్పటికే మోసగాళ్ల చేతికి చిక్కి ఉండవచ్చు. బ్యాంకు పేరుతో లింకు వస్తే చిరునామా చివర చూడు. బ్యాంకుల సైట్లన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. నీకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. గ్యాస్, కొరియర్ ఫోను నంబర్లు గూగుల్‌లో వెతక్కుండా బిల్లు మీద చూసుకో.

ఒకవేళ డబ్బు పోతే, ఆ నిమిషమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చెయ్యి, తరువాత బ్యాంకుకు. డబ్బు ఇంకా ఖాతాల మధ్య తిరుగుతుండగానే ఆపగలిగే అవకాశం ఉంటుంది. పిల్లలు ఏమనుకుంటారోనని తెల్లవార్లూ దాచినవాళ్లను చూశాను, నువ్వు ఆ పని చెయ్యవద్దు. పైగా 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, ఓటీపీ నువ్వే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం నీదే. ఆ తరువాత జరిగేది బ్యాంకుది.

ఆదివారం వస్తాను. ఆ పెద్ద మొత్తాన్ని యూపీఐకి కలపని వేరే ఖాతాలోకి మారుద్దాం, ఇప్పుడున్న ఖాతాకు రోజువారీ పరిమితి తగ్గిద్దాం. పాస్‌బుక్కులు తీసి ఉంచు.

నీ అక్క