పొట్టి బ్యారెల్ రైఫిల్‌కి ఏ మ్యాచ్ తూటాలు కొనాలి?

ప్రశ్న: అన్నగారూ, మేం డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చాక సరదాగా మొదలుపెట్టిన షూటింగ్ ఇప్పుడు పిచ్చిలా పట్టుకుంది. 18 అంగుళాల బ్యారెల్ ఉన్న .308 సైజు తూటా కాల్చే బోల్ట్ రైఫిల్ కొన్నాను. చవక తూటాలతో 100 గజాల దగ్గర గ్రూప్, అంటే తూటాలు పడ్డ చోట్ల మధ్య దూరం, రెండున్నర అంగుళాలు వస్తోంది. "పొట్టి బ్యారెల్ కదా, ఇంతే" అంటున్నారు రేంజ్‌లో. మ్యాచ్ తూటాలు వాడితే మారుతుందా? ఏవి కొనాలి?

జవాబు: చాలావరకు మారుతుంది. మ్యాచ్ తూటాలంటే గురి పోటీల కోసమని తయారుచేసేవి. రేంజ్‌లో చెప్పినాయన మాట పట్టించుకోకండి. బ్యారెల్ పొట్టిదైతే తగ్గేది బుల్లెట్ వేగం, గురి కాదు. ఒకే మందం ఉన్న రెండు బ్యారెళ్లలో పొట్టిదే బిగువుగా ఉంటుంది, పేలినప్పుడు తక్కువ ఊగుతుంది. ముందు తూటాలనే అనుమానించండి.

మీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి సరిపోయింది. కానీ ఈ శీర్షిక చదివేవాళ్లలో హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్లూ చాలామంది ఉంటారు, వాళ్ల కోసం ఒక మాట. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా అదే లెక్క. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్నే అడుగుతారు, అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. ఆయుధాల కేసు పడితే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం అవుతుంది. వీకెండ్ సరదా కోసం ఇంత టెన్షన్ ఎందుకు? లాయర్‌ని అడిగాకే రేంజ్ మెట్లెక్కండి.

ఇంట్లోవాళ్ల సంగతీ ఇంతే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల చేతికి రైఫిల్ ఇచ్చి ఫొటో తీయడం, ఎఫ్1 మీద చదువుకుంటున్న బావమరిదికి సేఫ్ నంబర్ చెప్పడం మన ఇళ్లల్లో మామూలుగా జరిగిపోతుంటాయి. వద్దు.

ఇంకో సంగతి. మీ 18 అంగుళాలు చట్టం దృష్టిలో పొట్టి కాదు. 16 అంగుళాల లోపు ఉంటేనే 1934 నాటి నేషనల్ ఫైరార్మ్స్ యాక్ట్ కిందికి వస్తుంది, దానికి ముందుగా ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) అనుమతి కావాలి. చూడ్డానికి బాగుంటుందని ఇంకో మూడు అంగుళాలు కోయించే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక తూటాలు. పెట్టె మీద రాసిన వేగాన్ని నమ్మకండి. ఫెడరల్ కంపెనీ గోల్డ్ మెడల్ 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) పెట్టె మీద సెకనుకు 2,600 అడుగులు అని ఉంటుంది. అది 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచిన లెక్క. .308లో ఒక్కో అంగుళం తగ్గితే సుమారు 20 నుంచి 25 అడుగుల వేగం పోతుంది. ఆరు అంగుళాలకు 120 నుంచి 150 అన్నమాట, అంటే మీ రైఫిల్ నుంచి ఆ బుల్లెట్ 2,450, 2,480 మధ్య బయటికి వస్తుంది. అదేమీ ఘోరం కాదు. పొడుగు బ్యారెల్ ఉన్నాయన కన్నా మీరు ఓ 70, 80 గజాలు వెనక నిలబడి కాల్చినట్టు, అంతే. 300 గజాల లోపు కాల్చేవాళ్లకు ఈ తేడా పెద్దగా తెలియదు కూడా.

తెలిసేది దూరం పెరిగాక. బుల్లెట్ వేగం శబ్ద వేగానికి, అంటే సెకనుకు సుమారు 1,125 అడుగులకు, దగ్గర పడుతున్నప్పుడు కొన్ని బుల్లెట్లు తడబడతాయి. సియెర్రా కంపెనీ 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ బుల్లెట్‌కి ఈ జబ్బు ఉందని పాతవాళ్లందరికీ తెలుసు. అది మొదట్లో 300 మీటర్ల పోటీల కోసం తయారైన బుల్లెట్. 500 గజాల దాకా బ్రహ్మాండంగా పోతుంది, ఆ పైన మీ 18 అంగుళాలతో దాని మీద ఆశ పెట్టుకోకండి. 175 మ్యాచ్‌కింగ్ వెనక భాగం ఆకారం వేరు, శబ్ద వేగం దగ్గర కూడా నిలకడగా ఉంటుంది. హార్నడీ 178 గ్రెయిన్ల ఈఎల్‌డీ మ్యాచ్ కూడా దూరానికి మంచిదే. నన్నడిగితే, మీకు దగ్గర్లో 600 గజాల రేంజ్ లేకపోతే 168తోనే మొదలుపెట్టండి. దూరం వెళ్లే ఉద్దేశం ఉంటేనే 175, 178. ఇంకా బరువైనవి పొట్టి బ్యారెల్‌లో మరీ నెమ్మదిగా బయటికి వస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

పెట్టె మీద "మ్యాచ్" అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ మాట వాడటానికి ఇంత గురి ఉండాలన్న చట్టమేమీ లేదు. అందుకే అసలు పని పరీక్ష. మూడు రకాలు తీసుకోండి, ఒక్కోటి 20 తూటాల పెట్టె ఒకటి చాలు. ఒక్కో తూటా దాదాపు రెండు డాలర్లు పడుతుంది, తెలుసు. అయినా సరిపడని రకం ఒకేసారి 500 కొనడం కన్నా ఇదే చవక. రకం మార్చినప్పుడల్లా మొదటి నాలుగైదు తూటాలు లెక్కలోకి తీసుకోకండి, బ్యారెల్ కొత్త బుల్లెట్‌కి అలవాటు పడాలి. తర్వాత బ్యారెల్ మరీ వేడెక్కకుండా ఆగి ఆగి పది తూటాలు కాల్చి ఆ గ్రూప్ కొలవండి. మూడు తూటాల గ్రూప్ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టుకోవడానికి బాగుంటాయి కానీ వాటితో రైఫిల్ సంగతి తేలదు. పది తూటాలు 100 గజాల దగ్గర అంగుళం, అంగుళంపావులో పడితే ఆ రకం ఉంచుకోండి. సైలెన్సర్ వాడే ఉద్దేశం ఉంటే పరీక్ష కూడా అది తగిలించే చేయండి, తీసేస్తే తూటా పడే చోటు మారిపోతుంది.

బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే ఇంకా మంచిది, లేకపోతే రేంజ్‌లో ఎవరినైనా అడగండి, ఇస్తారు. తూటాకీ తూటాకీ వేగంలో సెకనుకు 50 అడుగుల తేడా ఉన్నా 100 గజాల దగ్గర కంటికి కనిపించదు. అదే 1,000 గజాల దగ్గర దాదాపు అడుగున్నర మీదా కిందా పడుతుంది. కాబట్టి దూరం కాల్చేవాళ్లు రెండు రకాలు సమానంగా వచ్చినప్పుడు వేగం తక్కువ మారేదాన్ని ఎంచుకోవాలి. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో తూటాలు వదిలేస్తే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. తూటాలోని మందు వేడెక్కితే వేగం పెరుగుతుంది, పీడనం కూడా పెరుగుతుంది. నీడలో పెట్టండి.

నచ్చిన రకం దొరికాక పెట్టె మీద లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన తూటాలకు వేసే నంబర్) చూసుకుని అదే లాట్‌లో కొంచెం ఎక్కువ కొనండి. లాట్ మారితే గురి కూడా కాస్త మారొచ్చు. ఈ విషయంలో .22 పోటీల వాళ్లు మనకన్నా మొండివాళ్లు, లాట్‌లు పరీక్షించుకోవడానికి కంపెనీల టెస్ట్ సెంటర్ల దాకా రైఫిల్ మోసుకుపోతారు. మనకు అంత అక్కర్లేదు.

పొట్టి బ్యారెల్ మోత ఎక్కువ. ఇండోర్ రేంజ్‌లో చెవిలో ప్లగ్‌లు పెట్టుకుని వాటి మీద మఫ్స్ కూడా వేసుకోండి. ఇంటికొచ్చాక చెప్పులు గుమ్మం బయటే వదలడం మనకెలాగూ అలవాటు, చేతులు కూడా సబ్బుతో కడిగాకే పిల్లల్ని ఎత్తుకోండి. సీసం దుమ్ము మంచిది కాదు.

చివరిగా, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్ ఇండియా ప్రయాణానికి వాడొద్దు. ఏ జేబులోనో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు, పోలీస్ స్టేషన్, తిరుగు ప్రయాణం వాయిదా. తెలిసి దగ్గర పెట్టుకున్నవే నేరమని కోర్టులు చెబుతూ వచ్చాయి నిజమే, కానీ "నాకు తెలియదు" అని అక్కడిదాకా వెళ్లి నిరూపించుకోవాల్సింది మీరే. తూటాలకు వేరే డబ్బా, వేరే బ్యాగ్ పెట్టుకోండి, ఇంట్లోవాళ్లకు కూడా అది చూపించి చెప్పండి, పెట్టెలు సర్దేది వాళ్లే కదా.