సిగరెట్ ముట్టని నాన్నకు ఆయాసం ఎందుకొస్తుంది? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ ప్రశ్న చదివాను. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కనే ఇల్లు, నాన్నగారికి 58 ఏళ్లు, బీడీ సిగరెట్ అలవాటు లేదు, అయినా రెండేళ్లుగా చలికాలం రాగానే దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. "ఇది దుమ్ము వల్లనా, వయసు వల్లనా?" అని అడిగారు.

దుమ్ము, పొగ వల్ల ఊపిరితిత్తులు నిజంగానే పాడవుతాయి అన్నా. వయసు అని మాత్రం వదిలేయకండి. మేం అట్ల వదిలేసి నాలుగేళ్లు పోగొట్టుకున్నాం.

మాదీ మిర్యాలగూడ పక్క ఊరే. మా నాయన 20 ఏళ్లకు పైగా మిల్లుల్లో హమాలీ పని చేశాడు. లారీలోంచి వడ్లు కుమ్మరిస్తుంటే లేచే దుమ్ములో పక్కనున్న మనిషి కనిపించడు. మూతికి తువ్వాల చుట్టుకునేవాడు. సాయంత్రం దాన్ని నానబెడితే బకెట్లో నీళ్లు డికాషన్ రంగుకు వచ్చేవి. దుమ్మంతా తువ్వాలకే అంటుకుందని మేం సంబరపడేవాళ్లం. కానీ తువ్వాల ఆపేది లావు దుమ్మునే. పీఎం 2.5 అనే సన్న రేణువులు తల వెంట్రుకలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. అవి గుడ్డ సందుల్లోంచి, ముక్కులోంచి జారి ఊపిరితిత్తుల చివర ఉండే గాలి తిత్తుల దాకా పోతాయి. అక్కడ రోజూ వాపు వస్తుంటే ఏళ్లు గడిచేకొద్దీ గాలి గొట్టాలు సన్నబడతాయి. ఇక మిల్లుల్లో ఊక కాలిస్తే వచ్చే బూడిదలో ఎక్కువ భాగం సిలికానే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే.

ఆ బూడిద సంగతి మీకు చెప్పక్కర్లేదు. డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కా మీద నల్లటి నలుసులు పడి ఉంటాయి. చేత్తో దులిపితే చార పడుతుంది. అందుకే మా అమ్మ ప్రతి చొక్కానూ ఉఫ్ మని ఊది మడతపెట్టేది. చలికాలంలో ఇంకా ఎక్కువ. వానాకాలం పంట మిల్లులకు చేరేదీ, పొలాల్లో కొయ్యకాళ్లు తగలబెట్టేదీ అప్పుడే. పైగా చల్లటి గాలి కింద నిలిచిపోయి పొగను పైకి పోనివ్వదు. మీ నాన్నగారికి చలికాలంలోనే ఎక్కువవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

దగ్గు మొదలయ్యాక నాయన "ఏం కాదు బిడ్డా, దుమ్ము దగ్గే" అనేవాడు. మెడికల్ షాపులో సిరప్ తెచ్చుకునేవాళ్లం. చివరికి నల్గొండలో ఒక ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఊదే పరీక్ష చేశారు, స్పైరోమెట్రీ అంటారు. గట్టిగా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్కసారిగా ఊదాలి. 50 కిలోల బస్తాలు మోసిన మనిషి మూడుసార్లు ఊదేసరికి కుర్చీ పట్టుకున్నాడు. మందు పీల్పించి పావుగంట తర్వాత మళ్లీ ఊదించారు. ఊదిన గాలి మొత్తంలో మొదటి సెకనులోనే 70 శాతమన్నా బయటికి రావాలి. మందు తర్వాత కూడా రాకపోతే సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు సన్నబడి ఆయాసం వచ్చే దీర్ఘకాలిక జబ్బు అని అనుమానిస్తారు. మా నాయనకు అదే తేలింది. మందుతో బాగా మెరుగైతే ఆస్తమా కావచ్చు.

అప్పుడు డాక్టర్ అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "ఇంట్లో స్నానానికి నీళ్లు దేనిమీద కాగబెడతారు?"

ఊక పొయ్యి మీద. మిల్లులో ఊక చవగ్గా దొరికేది. తెల్లవారుజామున చలి కాచుకుంటూ నాయన ఆ పొగ పక్కనే గంటసేపు కూర్చునేవాడు. మిల్లును తిట్టుకున్నాం గానీ ఇంట్లో పొగ సంగతి మాకు తట్టనే లేదు. ఆ వారమే పొయ్యి తీసేసి గ్యాస్ మీదికి మారాం. అమ్మ దగ్గు కూడా తగ్గింది.

పోయిన ఊపిరి తిరిగి రాదని డాక్టర్ ముందే చెప్పారు. ఉన్నది కాపాడుకోవడమే. నాయన దుమ్ము పని మానేసి కాంటా దగ్గరికి మారాడు. మందు పీల్చే ఇన్‌హేలర్ రాసిస్తే "పంపు అలవాటైతే జీవితాంతం వదలదు" అని చుట్టాలు భయపెట్టారు, అలాంటివి వినకండి. ఇన్‌హేలర్ మందు తక్కువ మోతాదులో నేరుగా గొట్టాలకే చేరుతుంది. స్టెరాయిడ్ ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించాలి. దుమ్ములోకి తప్పక వెళ్లాల్సి వస్తే ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్క్ పెట్టించండి.

గాలి ఢిల్లీలోనే చెడిందని మనవాళ్లు అనుకుంటారు. కేంద్రం 2019లో మొదలుపెట్టిన స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి బాగుచేయాల్సిన ఊళ్ల జాబితాలో మన నల్గొండను కూడా చేర్చారు. రోజు మొత్తానికి పీఎం 2.5 సగటు మన దేశంలో ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల వరకు ఉండొచ్చంటారు, డబ్ల్యూహెచ్‌ఓ అయితే 15 దాటొద్దంటుంది. మిల్లులు మూసేయాలని నేను అనను, మా ఇంట్లో అన్నం వాటిదే. కానీ బూడిద బయటికి రాకుండా పట్టే యంత్రం నడుస్తోందా లేదా అని అడగాలి. వీధివాళ్లంతా కలిసి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ పెట్టండి.

ఇంకొకటి. దగ్గు రెండు వారాలు దాటింది కాబట్టి ముందు ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష చేయించండి, ఉచితమే. సిలికా దుమ్ములో పనిచేసినవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. ఎప్పుడైనా నాన్నగారు ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేక మధ్యలో ఆగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.