ఆక్యుపంక్చర్‌తో సిగరెట్ మానవచ్చా? రెండుసార్లు సూదులు వేయించుకున్నవాడి జవాబు

ఆదోని నుంచి మీరు అడిగిన ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. పద్నాలుగేళ్లుగా రోజుకు ఒక పాకెట్టు కాలుస్తున్న మీకు చెవి సూదులతో ఆ అలవాటు పోతుందా అన్నది ఒకటి. ఒకే సిట్టింగులో మాన్పిస్తామన్నవారికి డబ్బు కట్టవచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు తేలిక: కట్టవద్దు. మొదటిదానికి కొంచెం వివరంగా చెప్పాలి. నేను ఒకసారి ఆ సూదులను నమ్ముకుని ఓడిపోయాను, మరోసారి అవే సూదులు వేయించుకుంటూ మానగలిగాను. తేడా సూదుల్లో లేదు.

నేను కర్నూలులో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఇరవై రెండేళ్లు కాల్చాను. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతుంది కనుక మా బడి వైపు టీ అంగడి ఆ వంద గజాలు దాటీ దాటగానే, టేపు పెట్టి కొలిచినట్టుగా ఉండేది. ఇంటర్వెల్ పది నిమిషాల్లో అక్కడికి పోయి, టీతో పాటు ఒక విడి సిగరెట్ ముగించి, నోట్లో నాలుగు సోంపు గింజలు వేసుకుని తొమ్మిదో తరగతిలోకి వచ్చేవాడిని. పిల్లలకు తెలియదనుకునేవాడిని.

2018 నవంబరులో ఒక కేంద్రంలో ఐదు వేలు కట్టి మొదటిసారి సూదులు వేయించుకున్నాను. ఒక్కో చెవికి ఐదు సూదులు, వెంట్రుక కంటే కాస్త లావు. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది, తరువాత చెవి వెచ్చబడుతుంది, అరగంట కూర్చునేసరికి మనసు నిజంగానే నెమ్మదిస్తుంది. పోతూ పోతూ చెవి లోపలి మడతలో ఆవగింజంత గింజ ఒకటి పెట్టి టేపు అంటించారు. కోరిక పుట్టినప్పుడల్లా దాన్ని వేలితో నొక్కాలన్నారు. మరునాడు తరగతిలో నేను మాటిమాటికీ చెవి నొక్కుకోవడం చూసి మొదటి బెంచీ పిల్లవాడు "సార్, చెవిపోటా సార్?" అని అడిగాడు. పదకొండో రోజున డోన్‌లో బంధువుల ఇంట చావుకు పోయాను. రాత్రి పది గంటలకు అరుగు మీద ఎవరో పాకెట్టు ముందుకు చాచారు. చెవిలో టేపు ఉండగానే తీసుకున్నాను. ఆ కేంద్రానికి ఫోను చేస్తే మీకు సంకల్పబలం చాలలేదన్నారు. అది ఉంటే మీకు ఐదు వేలు ఎందుకు కట్టేవాడినని అడగాల్సింది, అప్పుడు తోచలేదు.

ఆ తరువాతే ఈ వైద్యం గురించి చదివాను. 1970ల తొలినాళ్లలో హాంకాంగ్‌లో వెన్ అనే న్యూరోసర్జన్ ఆపరేషన్ నొప్పి తగ్గించడానికి సూదులకు సన్నని కరెంటు పెట్టి చూస్తుండగా, నల్లమందు అలవాటున్న రోగులకు అది మానినప్పటి బాధలు తగ్గడం గమనించాడు. ఆ పద్ధతిని న్యూయార్కులోని లింకన్ ఆసుపత్రి వారు కరెంటు లేకుండా చెవిలోని ఐదు బిందువులకు కుదించారు. నాకు వేసినవీ ఆ ఐదే. అయితే వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2014లో సిగరెట్ మానడంపై జరిగిన 38 పరిశోధనలను కలిపి పరిశీలించి, సూదుల వల్ల ఆరు నెలలు, అంతకు మించి మానేసి ఉంటారనడానికి నిలకడైన ఆధారం లేదనీ, తొలి వారాల్లో మాత్రం కొంత ఫలితం ఉండవచ్చనీ తేల్చింది. నా అనుభవం అచ్చంగా అదే. కొద్ది రోజులు ఆసరాగా ఉండేదాన్ని నేను మొత్తం వైద్యమనుకున్నాను.

రెండోసారికి తారీకు ముందే పెట్టుకున్నాను. 2019 ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ ముగిసి, బడికి వేసవి సెలవులు ఇచ్చిన మరునాడు. స్పాట్‌లో ఉండగా మానబోవడం నావంటివాడికి సాధ్యమయ్యే పని కాదు, అక్కడ పేపర్ల కట్టకొక టీ, టీకొక సిగరెట్. మానడానికి వారం ముందు, పాకెట్టు మీద ఉండే 1800-11-2356 నంబరుకు, అంటే పొగాకు మానడానికి సాయపడే ప్రభుత్వ ఉచిత ఫోనుకు, ఫోను చేశాను. ఆ నంబరు 2018 సెప్టెంబరు నుంచి ప్రతి పాకెట్టు మీదా ఉంది, కానీ విడిగా కొనేవాడికి పాకెట్టు కంటబడదు కదా! నాతో మాట్లాడినవారు మొదట అడిగింది ఒక్కటే: నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది కాలుస్తారు? పావుగంటలోపు అన్నాను. అరగంటలోపు కాల్చేవారికి నికోటిన్ పట్టు గట్టిగా ఉన్నట్టు లెక్క. రక్తంలోని నికోటిన్ దాదాపు ప్రతి రెండు గంటలకూ సగమవుతుంది కనుక రాత్రి నిద్రలో అది అడుగంటుతుంది, అందుకే తెల్లవారుజామున అంత ఆరాటం.

ఆ ఆరాటాన్ని తగ్గించే నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది నాకు మందుల అంగట్లో డాక్టరు చీటీ లేకుండానే ఇచ్చారు. మొదటి రోజు దాన్ని మామూలు బబుల్ గమ్ లాగా నమిలి ఎక్కిళ్లతో, కడుపులో తిప్పటంతో అవస్థ పడ్డాను. నమలవలసిన తీరు వేరు: ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నాలుగైదు సార్లు నమిలి, దవడకూ చిగురుకూ మధ్య ఒత్తిపెట్టి ఊరుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. మందు దవడ లోపలి పొర నుంచి రక్తంలోకి పోవాలి, మింగితే వృథా. గమ్ వేసుకోవడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, నిమ్మరసం తాగకూడదు. మీవంటి పాకెట్టు మనిషికి 4 మిల్లీగ్రాములది గానీ, మాత్రలు గానీ అవసరం కావచ్చు. అది డాక్టరు చూసి చెప్పాలి.

ఇక ఎవరూ పైకి చెప్పుకోని సంగతి ఒకటుంది. మనలో చాలామందికి సిగరెట్ లేకపోతే పొద్దున విరేచనం కాదు. అది ఒట్టి భ్రమ కాదు, నికోటిన్ పేగులను కదిలిస్తుంది. మానగానే కొన్ని వారాలు మలబద్ధకం వస్తుంది. నా మొదటి ప్రయత్నంలో డోన్ కంటే ముందే నన్ను సగం ఓడించింది ఇదే. రెండోసారి లేవగానే రెండు లోటాల గోరువెచ్చని నీళ్లు తాగి, రాత్రి అన్నం మాని జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తిన్నాను. పది రోజులకు దారిన పడింది.

టీ విషయంలోనూ నాకు తెలియని మర్మం ఉంది. పొగలోని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను త్వరగా కరిగించే ఎంజైమును పెంచుతాయి. పొగ ఆగాక అదే టీ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి గుండెదడ, నిద్రలేమి తెస్తుంది, మనం వాటిని సిగరెట్ లేని బాధలనుకుంటాం. రోజుకు ఆరు టీలను మూడు చేశాను, మధ్యాహ్నపు టీ స్థానంలో పల్చని మజ్జిగ తాగాను. చేతికీ నోటికీ పని కోసం బొరుగులు, పుట్నాలు కలిపి డబ్బాలో పెట్టుకున్నాను; అయినా మూడు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను, అది మామూలే. తెల్లవారుజామున ఐదున్నరకు తుంగభద్ర ఒడ్డున సంకల్‌బాగ్ ఘాటు దాకా నడిచేవాడిని. కోరిక ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలకు మించి నిలవదు, నడకలో ఉంటే అది వచ్చి పోయిన సంగతి కూడా సరిగా తెలియదు.

సూదులు ఎక్కడ పనికొచ్చాయంటే, మొదటి మూడు వారాల్లో. ప్రకృతి వైద్యం చదివిన డాక్టరు వద్ద వారానికి రెండుసార్లు, సాయంత్రం ఆరు గంటలకు, సిట్టింగుకు మూడు వందలు. ఆ వేళ నాకు గండం వేళ. అరగంట కదలకుండా కూర్చోవడం, ఇన్ని రోజులైందని ఒక మనిషికి చెప్పుకోవలసి రావడం, ఆ రాత్రి కాస్త నిద్ర పట్టడం: ఇవన్నీ కలిసి సాయపడ్డాయి, ఇందులో సూది వాటా ఎంతో నేను విడదీయలేను. మూడో రోజు మాత్రం సూదులున్నా, గమ్ ఉన్నా, ఇంట్లో చిన్నదానికీ పెద్దదానికీ అరిచాను. మా ఆవిడ ఆ వారం నాతో తక్కువ మాట్లాడింది, అది మంచిదే అయింది.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఇంటర్వెల్‌కు కాళ్లు వాటంతట అవే అంగడి వైపు పోయాయి. అంగడాయన టీ పోసి, అలవాటుగా సిగరెట్, దారానికి కట్టిన లైటరు రెండూ ముందుకు జరిపి, నేను ముట్టుకోకపోయేసరికి "ఏం సార్, ఈ పొద్దు వద్దా?" అన్నాడు. టీ సగం వదిలేసి వచ్చాను. ఆ తరువాత ఇంటర్వెల్ అంతా స్టాఫ్ రూములోనే.

మీరు సూదులు వేయించుకోదలిస్తే ఒకే సిట్టింగు మాట చెప్పేచోటికి కాక, గమ్ వాడుతున్నానంటే అభ్యంతరపెట్టని, అర్హత ఉన్న డాక్టరు దగ్గరకు పొండి. సూదుల పాకెట్టు మీ ఎదుటే చింపాలి, వాడినవి మీ ఎదుటే పారేయాలి. చక్కెర జబ్బు గానీ, రక్తం పలచబడే మందులు గానీ ఉంటే ముందే చెప్పండి, ఎందుకంటే చెవిలోని మెత్తని ఎముకకు (మృదులాస్థికి) చీము పడితే ఆ పుండు మానడం కష్టం. రోజుల తరబడి చెవిలోనే ఉంచే సూదులు మాత్రం వద్దనండి, గింజ చాలు.